అగ్నిభద్రత ఎవరి పని? దోర్నపాల్ వెదురు బడుల నుంచి హైదరాబాద్ సెల్లార్ల దాకా

భవనంలో నిప్పు పుట్టకుండా చూడాలి. పుట్టినా పాకకూడదు, పాకినా లోపలివాళ్లు ప్రాణాలతో బయటపడాలి. ఈ మూడూ ఏ ఒక్క శాఖ చేతిలోనూ లేవు. గోడ పలకను తయారుచేసేది ఒకరు, దాన్ని బిగించేది ఇంకొకరు. వైరు లాగే ఎలక్ట్రీషియన్ వేరు, ప్లాను మంజూరు చేసే అధికారి వేరు, బీమా ఇచ్చే కంపెనీ వేరు. అగ్నిమాపక శాఖ అందరికంటే చివర, మంట లేచాక వస్తుంది. ఏ పెద్ద ప్రమాదం విచారణను తిరగేసినా ఒకరి పనికి, మరొకరి పనికి మధ్య మిగిలిపోయిన సందు కనిపిస్తుంది. ఆ సందులను మూయడానికి పరిశ్రమలు కలిసి చేసిన ప్రయత్నాలు ఎక్కడ ఫలించాయి, ఎక్కడ కాగితం మీదే ఆగిపోయాయి, నగరాలకు దూరంగా ఉన్న చిన్న ఊళ్లకు వాటిలో ఏది పనికొస్తుంది అన్నవి ఈ సమీక్షలోని ప్రశ్నలు.

ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, సుక్మా జిల్లాలో 30వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న నగర పంచాయతీ దోర్నపాల్. ఆ రోడ్డు రాయ్‌పూర్, జగదల్‌పూర్ మీదుగా సుక్మాకు, అక్కడి నుంచి దోర్నపాల్, కుంట దాటి తెలుగు నేలకు వస్తుంది. ఒక పక్క శబరి నది, దానికి అవతల ఒడిశాలోని మల్కన్‌గిరి. సంతలో గోండి, దోర్లా, హల్బీ, తెలుగు నాలుగూ వినిపిస్తాయి. 2005లో మావోయిస్టు వ్యతిరేక దళాల ఉద్యమం సల్వాజుడుం మొదలయ్యాక చుట్టుపక్కల పల్లెలు ఖాళీ అయి, జనం ఇక్కడి శిబిరంలోకి చేరారు. బస్తర్‌లోని పెద్ద శిబిరాల్లో ఇదొకటి. ఇలా ఉన్నపళంగా పెరిగిన ఊళ్లో ఇళ్లు పక్కపక్కనే లేస్తాయి. తడికె గోడ, రేకు కప్పు, మధ్యలో ఒక మనిషి నడిచేంత సందు. నిప్పుకు ఒక కప్పు నుంచి ఇంకో కప్పుకు దాటడం అక్కడ తేలిక.

ఈ ప్రాంతంలో ఇళ్లు కాలడం వెనుక మరో చరిత్ర ఉంది. 2011 మార్చిలో చింతల్నార్ వైపున్న తాడ్‌మెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురం గ్రామాల్లో 250 దాకా ఇళ్లను తగలబెట్టారు. అదే ఏడాది జులై 5న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు దానిపై సీబీఐ విచారణకు ఆదేశించింది. అది ప్రమాదం కాదు, నేరం. అందుకే భవన భద్రత చర్చలో దాన్ని కలపడం సరికాదు. కానీ బస్తర్‌లో బడులను వెదురుతో ఎందుకు కట్టారో అర్థం కావాలంటే ఆ కాలాన్ని తలుచుకోక తప్పదు.

పక్కా బడి భవనాల్లో భద్రతా బలగాలు మకాం వేస్తున్నాయని మావోయిస్టులు వాటిని పేల్చేసేవారు. పల్లెల్లో బడి అనేదే లేకుండా పోయింది. ఆ స్థితిలో 2011లో అప్పటి దంతెవాడ జిల్లాలో వెదురు, ప్లైవుడ్‌తో కట్టే ఆశ్రమ బడులు వచ్చాయి. అధికారులు పోర్టా కేబిన్ అంటారు, జనం నోట పోటా కేబిన్. తక్కువ కాలంలో లేస్తాయి, కోటలా కనిపించవు కాబట్టి ఎవరూ వాటి జోలికి రారన్నది ఆలోచన. అది ఫలించింది. ఏడాదిలోపే ఆ బడులు 17 నుంచి 43కు పెరిగాయనీ, 6 నుంచి 14 ఏళ్ల వయసులో బడి బయట ఉన్న పిల్లల సంఖ్య 21,816 నుంచి 5,780కి తగ్గిందనీ నీతి ఆయోగ్ మంచి పద్ధతుల సంకలనం నమోదు చేసింది. దోర్నపాల్‌లోనూ ఇలాంటి బడి ఉంది. వేల మంది ఆదివాసీ పిల్లలకు అక్షరం అందించిన ఏర్పాటిది, దాని విలువను తక్కువ చేయడానికి లేదు.

అయితే తాత్కాలికమని కట్టినవి ఏళ్ల తరబడి నిలిచాయి. 2024 మార్చి 6 అర్ధరాత్రి దాటాక పొరుగున బీజాపూర్ జిల్లా చింతకొంటలోని బాలికల పోటా కేబిన్‌కు నిప్పంటుకుంది. 300 మందికి పైగా పిల్లలను సిబ్బంది, ఊరివాళ్లు బయటికి తెచ్చారు. నాలుగేళ్ల పాప ఒకతె లోపలే కాలిపోయింది.

వెదురు గోడ కాలే తీరును కొంచెం దగ్గరగా చూడాలి. వెదురు బొంగు లోపల కణుపుకూ కణుపుకూ మధ్య గాలి బంధించి ఉంటుంది. వేడి తగిలితే ఆ గాలి వ్యాకోచించి బొంగు పగులుతుంది, అందుకే వెదురు కాలుతుంటే టపాకాయల్లా చప్పుడు వస్తుంది. బొంగును చీల్చి, చాపలా అల్లి, జిగురుతో ఒత్తిన పలకలో ఈ ఇబ్బంది తగ్గుతుంది. కానీ పలుచని పలక త్వరగా అంటుకుంటుంది. రెండు పలకల మధ్య ఖాళీ వదిలితే ఆ సందు పొగగొట్టంలా పనిచేసి మంటను పైకి లాగుతుంది. కప్పు కింద పీవోపీకి బదులు ప్లైవుడ్ కొడితే మంట ఆ అడుగు భాగం వెంట గది నుంచి గదికి పరుగెడుతుంది. పైనున్న రేకు వేడినీ పొగనూ బయటికి పోనివ్వదు. నిద్రలో ఉన్న పిల్లలను మంట చేరేలోపే పొగ చేరుతుంది. పడక గదికి రెండు వైపులా, బయటికి తెరుచుకునే తలుపులు ఉండటం అలాంటి చోట సౌకర్యం కోసం కాదు, ప్రాణం కోసం.

ఈ దేశం దీన్ని అప్పటికే ఒకసారి చాలా పెద్ద మూల్యంతో నేర్చుకుంది. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి వంటపాక నుంచి లేచిన మంట పూరి కప్పున్న తరగతి గదులకు పాకి 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ ప్రమాదం వెంట వచ్చిన అవినాశ్ మెహ్రోత్రా వ్యాజ్యంలో 2009 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు, దేశంలోని ప్రతి బడిలో అగ్నిమాపక పరికరాలు ఉండాలనీ, జాతీయ భవన నియమావళిని పాటించాలనీ ఆదేశించింది. తమిళనాడులో బడుల మీద పూరి కప్పులు పోయాయి. సుప్రీంకోర్టు ఆదేశం వచ్చిన ఇంచుమించు రెండేళ్లకే బస్తర్‌లో పరిస్థితుల ఒత్తిడి మళ్లీ సులువుగా కాలే సామగ్రినే పిల్లల తల మీదికి తెచ్చింది. విద్యాశాఖకు బడి కావాలి, కాంట్రాక్టరుకు త్వరగా పూర్తి కావాలి, పలకల తయారీదారుకు ఆర్డరు కావాలి. ఆ పలక ఎన్ని నిమిషాలు మంటను ఆపుతుందో అడగడం ఎవరి పని అన్నదే అసలు సమస్య.

బడి గోడల బయట కూడా వేసవి అంటే ఇక్కడ నిప్పు కాలమే. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలుతుంది. పువ్వు స్పష్టంగా కనబడి ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెడతారు. తునికి పొదలకు లేత ఆకు రావాలని అక్కడక్కడ కాల్చడమూ ఉంది. ఏప్రిల్ చివర నుంచి తునికాకు కోత. తెలంగాణ వైపు కల్లం అనీ ఛత్తీస్‌గఢ్‌లో ఫడ్ అనీ పిలిచే ఆరుబయట జాగాలో 50 ఆకుల కట్టలను ఎండబెట్టి, బస్తాలకెత్తి గోదాముకు పంపుతారు. కరకరలాడే ఆకు, గోనె సంచి, రేకుల గోదాము, పక్కన బీడీ వెలిగించే మనిషి. అడవి బిడ్డల ఏడాది సంపాదనలో ముఖ్యమైన భాగం అలా ఒక్క నిప్పురవ్వ దూరంలో ఉంటుంది. ఇంట్లోనేమో ఎండిన ఇప్పపువ్వు, కట్టెలు, ధాన్యం అన్నీ పొయ్యికి దగ్గర్లోనే.

ఇక నియమావళి సంగతి. జాతీయ భవన నియమావళి మొదట 1970లో వచ్చింది. 2016 ముద్రణలో నాలుగో భాగం అగ్ని, ప్రాణ భద్రతకు సంబంధించింది. మెట్ల వెడల్పు, బయటికి నడవాల్సిన దూరం, పొగను ఆపే తలుపులు అన్నీ అందులో వివరంగా ఉన్నాయి. అయితే అది సలహా పత్రమే, రాష్ట్రం తన చట్టంలో చేర్చుకుంటేనే దానికి బలం. తెలుగు రాష్ట్రాల్లో 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం అమల్లో ఉంది. వాణిజ్య భవనమైతే 15 మీటర్లు, నివాసమైతే 18 మీటర్ల ఎత్తు నుంచి అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తప్పనిసరి. బడులు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల వంటి జనం గుమిగూడే చోట్లకు వేరే కొలతలున్నాయి. ఎత్తును కొలబద్దగా తీసుకోవడంలో తర్కం ఉంది, నిచ్చెన అందని అంతస్తులో చిక్కుకున్నవాళ్లను కాపాడటం కష్టం. కానీ గత కొన్నేళ్లలో తెలుగువాళ్లను కలచివేసిన ప్రమాదాల్లో చాలా వాటిని ఎత్తు ఒక్కటే వివరించలేదు.

2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాము కాలింది. కింద తుక్కు, పైన కూలీల పడక, దిగడానికి ఒకే మెలికల మెట్ల దారి. బిహార్ నుంచి వచ్చిన 11 మంది చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరు 12న రూబీ లాడ్జి కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో లేచిన మంట, పొగ మెట్ల మీదుగా గదులకెక్కి 8 మంది ప్రాణాలు తీశాయి. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీ యువకులు ఊపిరాడక చనిపోయారు. నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింద నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది పోయారు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో కింద దుకాణాలు, పైన కాపురం ఉన్న పాత ఇంట్లో ఒకే కుటుంబానికి చెందినవారు, బంధువులు కలిపి 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది పిల్లలు. అంతకు ముందు 2020 ఆగస్టు 9న విజయవాడలో కొవిడ్ కేంద్రంగా మార్చిన స్వర్ణ ప్యాలెస్ హోటల్లో 10 మంది.

వీటిలో పదేపదే కనిపించేది ఒకటే: కింద సరుకు, పైన మనుషులు, మధ్యలో ఒకటే మెట్ల దారి. మంజూరు పత్రంలో సెల్లారు పార్కింగుకే ఉంటుంది. దాన్ని గోదాముగా అద్దెకిచ్చినప్పుడు విద్యుత్ శాఖకు లోడు పెరిగినట్లు తెలుస్తుంది, జీఎస్టీ శాఖకు వ్యాపారం మొదలైనట్లు తెలుస్తుంది, బీమా ఏజెంటుకు సరుకు విలువ తెలుస్తుంది, మున్సిపాలిటీకి ట్రేడ్ లైసెన్సు రుసుము అందుతుంది. ఈ నాలుగు సమాచారాలూ ఒక్కచోటికి చేరవు. లిథియం బ్యాటరీల విషయంలో తయారీ పరిశ్రమకు 2022లోనే ఏఐఎస్ 156 ప్రమాణాన్ని కఠినం చేశారు. ఆ బ్యాటరీలను ఎలాంటి భవనంలో, ఎన్నిటిని, ఏ గదిలో ఛార్జి చేయాలన్నది మాత్రం వాహన ప్రమాణాలకు బయటి విషయం. రూబీ లాడ్జిలో మనుషులు చనిపోయింది ఆ బయటి విషయం వల్లే.

పరిశ్రమలు తమలో తాము ఒక మాట మీదికి రావడం కొత్తది కాదు. లండన్‌లో బీమా కంపెనీలు ఒక్కొక్కటీ సొంత అగ్నిమాపక దళాన్ని నడిపేవి. 1833లో వాటిని కలిపి ఒకే దళంగా చేశాయి. అమెరికాలో స్ప్రింక్లర్లు వచ్చిన తొలి రోజుల్లో బోస్టన్ చుట్టూ 100 మైళ్లలోపే పైపు మందానికీ దూరానికీ తొమ్మిది రకాల కొలతలుండేవి. 1895లో స్ప్రింక్లర్, బీమా పరిశ్రమల వాళ్లు కూర్చుని ఒకే కొలతకు వచ్చిన ఫలితమే మరుసటి ఏడాది పుట్టిన జాతీయ అగ్ని రక్షణ సంఘం. ఇప్పుడు దాని ప్రమాణాలను మన దేశంలోని సలహాదారులు కూడా రోజూ తిరగేస్తారు. అక్కడ కలవడానికి కారణం దయ కాదు, డబ్బు. భవనం కాలితే నష్టం చెల్లించాల్సింది బీమా కంపెనీయే.

మన దేశంలోనూ ఆ ముడి ఒకప్పుడు ఉండేది. టారిఫ్ అడ్వైజరీ కమిటీ అగ్ని బీమా రేట్లను నిర్ణయిస్తూ, తన మాన్యువల్ ప్రకారం స్ప్రింక్లర్లు, హైడ్రెంట్లు పెట్టుకున్న ఫ్యాక్టరీకి ప్రీమియంలో తగ్గింపు ఇచ్చేది. 1978లో బీమా రంగం నష్ట నివారణ కోసం లాస్ ప్రివెన్షన్ అసోసియేషన్‌ను కూడా పెట్టింది. 2007 జనవరి 1 నుంచి టారిఫ్ ఎత్తేశారు. కంపెనీలు వ్యాపారం కోసం రేట్లు కోసుకున్నాయి. మంచి ఏర్పాట్లున్న ఫ్యాక్టరీకి, లేని ఫ్యాక్టరీకి ప్రీమియంలో తేడా పలుచబడితే యజమానికి స్ప్రింక్లర్ ఖర్చు దండగ్గా కనిపిస్తుంది.  2002లో ఏర్పడిన ఫైర్ అండ్ సెక్యూరిటీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వంటి వృత్తి సంఘాలు శిక్షణ, ప్రచారం చేస్తున్నాయి. అయితే సభ్యులను బలవంతపెట్టే అధికారం సంఘానికి ఉండదు.

దీనికి భిన్నంగా చమురు రంగం 1986 నుంచి ఆయిల్ ఇండస్ట్రీ సేఫ్టీ డైరెక్టరేట్ ద్వారా ఉమ్మడి ప్రమాణాలు రాసుకుని, పరస్పరం తనిఖీలు చేసుకుంటోంది. అయినా 1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఘోర ప్రమాదం జరిగింది. ప్రమాణం ఉండటం ఒకటి, ప్రతి షిఫ్టులో పాటించడం ఇంకొకటి. రిఫైనరీలు, రసాయన కర్మాగారాలు ఉన్న పట్టణాల్లో ఒకరి ఫైరింజన్, ఫోమ్ ఇంకొకరికి పంపే పరస్పర సహాయ ఒప్పందాలు మాత్రం నిజంగా పనికొచ్చిన పద్ధతి. దాన్ని పెద్ద పరిశ్రమలకే పరిమితం చేయాల్సిన పని లేదు.

పరిశ్రమల సహకారంలో ఇప్పటిదాకా అన్నిటికంటే గట్టి ఉదాహరణ బంగ్లాదేశ్‌ది. 2012 నవంబరు 24న ఢాకా శివార్లలోని తజ్రీన్ బట్టల ఫ్యాక్టరీలో 110 మందికి పైగా కార్మికులు చనిపోయారు. కింది అంతస్తులో నూలు, బట్ట నిల్వ. మెట్లన్నీ ఆ నిల్వలోకే దిగుతాయి. బోయిగూడలోనూ రూబీలోనూ ఉన్నది ఇదే నమూనా. ఐదు నెలలకు, 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా కూలి 1,134 మంది పోయారు. ఆ మే నెలలో విదేశీ బట్టల బ్రాండ్లు, కార్మిక సంఘాలు కలిసి అకార్డ్ అనే ఒప్పందం చేసుకున్నాయి. 200కు పైగా బ్రాండ్లు సంతకం పెట్టాయి, 1,600కు పైగా ఫ్యాక్టరీలు దాని కిందికి వచ్చాయి. దీని బలం నాలుగు చోట్ల ఉంది. సంతకానికి చట్టబద్ధత ఉంది కనుక మాట తప్పిన బ్రాండును మధ్యవర్తి ముందుకు ఈడ్చవచ్చు. తనిఖీ నివేదికలను ఫ్యాక్టరీ పేరుతో సహా అందరికీ చూపించారు. మరమ్మతులకు డబ్బు సమకూరేలా చూసే బాధ్యత బ్రాండ్లకు పెట్టారు. మరమ్మతు చేయని ఫ్యాక్టరీతో ఏ బ్రాండూ వ్యాపారం చేయకూడదు. మొదట చేయించిన పనుల్లో ఒకటి చాలా చిన్నది: మెట్ల దగ్గర తాళం వేసే చువ్వల గేట్లు తీసేయించడం. దొంగతనం భయంతో వేసిన ఆ తాళాలు ఎన్ని ప్రాణాలు తీశాయో అక్కడి కార్మిక కుటుంబాలకు తెలుసు.

సహకారం చెడు దారి పట్టే ప్రమాదమూ ఉంది. 2017 జూన్ 14న లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ బయటి గోడకు బిగించిన పలకలు అంటుకుని 72 మంది చనిపోయారు. 2024 సెప్టెంబరులో వచ్చిన విచారణ తుది నివేదిక, పలకలు, వాటి కింది పొరలు తయారుచేసిన కంపెనీలు పరీక్షల విషయంలో పద్ధతి ప్రకారం మోసానికి పాల్పడ్డాయని తేల్చింది. ప్రమాణాలు రాసే బల్ల చుట్టూ తయారీదారులే కూర్చుని, కొనేవాళ్లూ ఉండేవాళ్లూ లేకపోతే జరిగేది అదే. నివేదికకు ముందే, గ్రెన్‌ఫెల్ ప్రమాదం ఫలితంగా బ్రిటన్‌లో 2022 భవన భద్రతా చట్టం వచ్చింది. ఎత్తైన నివాస భవనాల్లో ఏ పలక ఎక్కడ వాడారు, ఎవరు మార్చారు అన్న వివరాలు నిర్మాణం నుంచి వాడకం దాకా చెరిగిపోకుండా ఉంచాలి.

దోర్నపాల్ వంటి ఊరికి బట్టల బ్రాండ్లు లేవు, ఎత్తైన టవర్లు లేవు. కానీ సంతకం పెట్టగల చేతులు ఇక్కడా ఉన్నాయి. బడి కట్టించేది ప్రభుత్వం కనుక టెండరులోనే షరతు పెట్టవచ్చు: పలక ఎంతసేపు మంటకు నిలుస్తుందో ప్రయోగశాల పరీక్ష పత్రం ఉండాలి, గోడ లోపలి ఖాళీని గదికి గదికి మధ్య మూయాలి, వంటగది విడిగా ఉండాలి, పడక గదికి రెండు తలుపులు బయటికి తెరుచుకోవాలి. వెదురు చాప పలకల మీద బెంగళూరులోని ప్లైవుడ్ పరిశోధన సంస్థ ఇపిర్టి దశాబ్దాల పాటు పనిచేసింది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థలో అగ్ని పరిశోధన విభాగం ఉంది. పూరి కప్పు మీద మట్టి పూత, దాని పైన నీరు ఇంకని పూత వేసి నిప్పును ఆలస్యం చేసే పద్ధతిని ఆ సంస్థ ఏనాడో తయారుచేసింది. పురుగు పట్టకుండా వెదురుకు ఎక్కించే బోరిక్ ఆమ్లం, బోరాక్స్ ద్రావణం మంటను కూడా కొంత నెమ్మదింపజేస్తుంది. వానకు తడిస్తే ఆ మందు కరిగిపోతుంది కాబట్టి చూరు పొడవుగా దించాలి. ఈ జ్ఞానం ఉంది. కాంట్రాక్టరు చేతికి చేరడమే జరగలేదు.

బైలదిల్లా ఇనుప గనులు నడిపే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. సామాజిక బాధ్యత నిధుల్లోంచి బస్తర్ విద్యకు ఇప్పటికే ఖర్చు పెడుతున్న సంస్థ అది. గదుల సంఖ్యతో పాటు వైరింగ్ మార్పిడికీ, లీకేజీ పట్టుకునే ఆర్‌సీసీబీలకూ ఆ నిధుల్లో వాటా అడగడం న్యాయమే. తునికాకు కొనుగోళ్లు సహకార సంఘాల చేతిలో ఉన్నాయి కనుక గోదాముకు, జనావాసానికి మధ్య ఖాళీ జాగా, ఫడ్ దగ్గర నీళ్ల డ్రమ్ములు, బీడీ నిషేధం వంటివి సంఘం నియమంగా పెట్టుకోవచ్చు. గ్యాస్ ఏజెన్సీ మనిషి, మీటరు రీడర్ ఇళ్లకు ఎలాగూ వస్తారు. తెగిన ట్యూబును, వదులైన వైరును చూసి చెప్పే పని వారికి అప్పగిస్తే కొత్త ఉద్యోగి అక్కర్లేదు.

దూరం అన్నిటికంటే గట్టి అడ్డంకి. సుక్మా నుంచి దోర్నపాల్ దాదాపు 40 కిలోమీటర్లు. పల్లె ప్రాంతాల్లో ఫైరింజన్ 20 నిమిషాల్లో చేరాలన్నది కేంద్ర అగ్నిమాపక సలహా మండలి లెక్క. అంత దూరం నుంచి వచ్చే బండికి అది సాధ్యం కాదు. మూడు రాష్ట్రాలు కలిసే చోటు కావడంతో ఆంధ్ర వైపు చింతూరు, ఒడిశా వైపు మల్కన్‌గిరి, ఛత్తీస్‌గఢ్ వైపు కుంట మధ్య సరిహద్దు చూడకుండా బండ్లు పంపుకునే ఒప్పందం ఉంటే మేలు. రిఫైనరీలు, రసాయన కర్మాగారాలు పరస్పర సహాయ ఒప్పందాలతో చేసుకున్నది దాదాపు అదే. 2023లో కేంద్రం అగ్నిమాపక సేవల విస్తరణకు 5,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. చిన్న ఊళ్లకు అందులో కావాల్సింది నిచ్చెన లారీ కాదు, ఇరుకు దారిలో దూరే చిన్న నీళ్ల బండి, మోసుకెళ్లే పంపు.

అప్పటిదాకా మొదటి పది నిమిషాలు బడిలో ఉన్నవాళ్లవే. చింతకొంటలో పిల్లలను మోసుకొచ్చింది ఫైర్‌మెన్ కాదు, అక్కడే ఉన్న సిబ్బంది, ఊరి జనం. అందువల్ల రాత్రి డ్యూటీ చేసేవాళ్లకు చీకట్లో పిల్లలను లెక్కపెట్టి బయటికి తెచ్చే అభ్యాసం నెలనెలా ఉండాలి. గోడకు తగిలించిన, మంటలార్పే సిలిండరు ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో చూసి రిజిస్టరులో రాసే మనిషి పేరు ఉండాలి. రీఫిల్ దుకాణం ఎక్కడో పెద్ద పట్టణంలో ఉంటే సిలిండర్లన్నీ ఒకేసారి పంపకుండా సగం సగం పంపాలి. పంపు కాలిపోయిన రోజు కూడా నీళ్లుండేలా వంటగది, పడక గదుల పక్కన నిండిన డ్రమ్ములు, ఇసుక బకెట్లు ఉండాలి. వాటి ఖర్చు పెద్దది కాదు. కానీ ఏ శాఖ బడ్జెట్ పద్దులోంచి ఇవ్వాలో ముందే రాసి ఉండాలి.